నిండని బ్యాటరీ

మా బావమరిది నా కొండ ఉద్యోగం పోగొట్టాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. పొరపాటు అంటారు, అమాయకుడు అంటారు, మనసు మంచిది అంటారు. అవన్నీ కలిపినా పోయిన ఉద్యోగం తిరిగి రాదు. ఏం జరిగిందో జరిగినట్టు చెబుతాను.

ఆ ఉద్యోగం నా ఒక్కడికి ఇచ్చింది కాదు. నాకూ మా ఆవిడకీ కలిపి ఇచ్చింది. కొండ మీద ఒక కంపెనీకి కలప తోట ఉంది. ఎండలు ముదిరితే దానికి మంటల భయం. వానలు పడేదాకా పైన ఎవరో ఒకరు మకాం వేసి కాపు కాయాలి. పొగ కనిపిస్తే వైర్‌లెస్ సెట్టులో చెప్పాలి. కనిపించకపోయినా పొద్దున ఒకసారి, చీకటి పడేముందు ఒకసారి కింద ఆఫీసు వాళ్ళు పిలిస్తే పలకాలి. పైన ఇల్లు లేదు, కరెంటు లేదు. ఎవరి వసతి వాళ్ళే తెచ్చుకోవాలి. మా దగ్గర ట్రెయిలర్ ఉంది. జీపు వెనక తగిలించుకుని లాక్కుపోయే గది అది. అందులో మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్, కిటికీ పక్కన కూర్చోవడానికి సీటు ఉన్నాయి.

ఆ పని సంగతి కనిపెట్టింది మా ఆవిడే. "మనుషులు లేని చోట ఊరికే కూర్చుంటే జీతం ఇస్తారట. ఏమయ్యా, నిన్ను చూసే పెట్టినట్టున్నారు ఈ ఉద్యోగం" అంది.

నాకు మనుషులతో పొసగదు. ఆవిడకి నాతో ఎలా పొసిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

వానాకాలంలో ఉద్యోగం ఖాయమైంది. చలికాలంలో ఆవిడకి జబ్బు చేసింది. ఎండలు రాకముందే పోయింది.

కంపెనీ సూపర్వైజరు నన్ను పిలిపించాడు. మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు, మంచినీళ్ళు ఇప్పించాడు, ఆ తర్వాతే నీళ్ళు నమిలాడు.

"ఒక్కరే ఉండగలరా పెద్దాయనా?"

"ఇప్పుడు ఉంటోంది ఒక్కణ్ణేగా."

"అది కాదండీ. ఒంట్లో బాగోకపోతే ఎలా?"

"బాగోకపోతే సెట్టులో చెబుతా."

అతను గోడ మీది కొండ పటం మీద వేలు పెట్టాడు. "ఒక్క మాట. ఇద్దరుంటే ఒకరు కునుకు తీసినా ఇంకొకరు పలుకుతారు. మీరు ఒక్కరు. సాయంత్రం పిలుపుకి పలక్కపోతే నేను ఆగను. ఆ క్షణమే బండి పంపి దింపేస్తాను. రెండోసారి అవకాశం ఉండదు. పైవాళ్ళకి జవాబు చెప్పుకోవాల్సింది నేను."

సరే అన్నాను. న్యాయమైన షరతు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

ఆ కొండ నాకెందుకు అంత కావాలో కూడా చెప్పాలి. ఆవిడ పోయాక ఇల్లు ఖాళీ చేసి, ఒక టైలరు దుకాణం పైగదిలో అద్దెకు దిగాను. పొద్దస్తమానం కింద మిషన్లు కొడుతూనే ఉంటాయి. ఆ గదిలో ఆవిడ ఏనాడూ అడుగు పెట్టలేదు. అక్కడ ఉన్నదంతా నేను కొన్నదే. ఆవిడ సర్దిన చోటు ఇక లోకంలో ఒక్క ట్రెయిలరే. కొండ మీద అందులో ఉందామని అనుకున్నాం. ఉంటే ఆ మాట సగమైనా నిలబడుతుంది. అంతే.

టైలరు వీధిలో ట్రెయిలర్ నిలపడానికి చోటు లేదు. మా బావమరిదిది వెల్డింగ్ పని. గేట్లు, కిటికీ ఊచలు చేస్తాడు. వాడి షెడ్డు వెనక ఖాళీ స్థలం ఉంది. ఆవిడ ఉన్నప్పటి నుంచీ బండి అక్కడే ఉండేది. వాడికి జుట్టు నెరిసింది, పళ్ళు రెండు ఊడాయి, ఆవిడకి మాత్రం వాడు చివరిదాకా బుల్లోడే. బుల్లోడు తిన్నాడా, బుల్లోడికి జలుబు తగ్గిందా. పెళ్ళయిన నాటి నుంచీ ఇదే పాట విన్నాను.

మా ఇద్దరికీ బండి పని ఎవరిది వాళ్ళదే. బయటి సంగతి నాది. జీపు, కొక్కెం, టైర్లు, ఇరుకు సందులో వెనక్కి నడపడం. లోపలిది ఆవిడది. గ్యాసు, నీళ్ళు, బ్యాటరీ. ఆవిడ పనిలో నేను వేలు పెట్టలేదు, నా పనిలో ఆవిడ పెట్టలేదు. అందుకే పోట్లాటలు తక్కువ. బ్యాటరీ పెట్టె మూత తీసి చూసింది ఆవిడ పోయాకే. పాతది ఉబ్బిపోయి ఉంది. టెర్మినళ్ళ చుట్టూ తెల్లగా పూత కట్టింది. కొత్తది కొనక తప్పదు.

బ్యాటరీల కొట్టువాడు మాటకారి. కొట్టు ఇరుకు, నేలంతా నల్ల డబ్బాలు, గాలిలో పులిసిన వాసన.

"ఏ బండికి పెద్దాయనా?"

"లాక్కుపోయే గదికి. కారుకి వేసేది ఒకటి ఇవ్వు, చాలు."

"చాలదు. కారు బ్యాటరీ తుమ్ములాంటిది. ఒక్క ఊపున బలమంతా చూపించి ఊరుకుంటుంది. ఇంజను లేపడమే దాని పని. మీకు కావలసింది పొద్దున్నుంచీ పొద్దుగూకేదాకా కొంచెం కొంచెం ఇస్తూ ఉండేది. ఇళ్ళలో ఇన్వర్టరుకి పెడతారే, ఆ జాతి."

ముందు లిథియం చూపించాడు. ఒక్క చేత్తో లేపి నా చేతిలో పెట్టాడు. నిజంగానే తేలిక.

"ఇది దొరబిడ్డ. దాదాపు అడుగుదాకా వాడుకోవచ్చు, నీళ్ళు పొయ్యక్కర్లేదు. కాకపోతే గడ్డకట్టే చలిలో చార్జి పెట్టకూడదు, లోపల పాడవుతుంది. మీ పాత చార్జరు దీనికి పనికిరాదు, అదీ మార్చాలి."

"బ్యాటరీ కోసం చార్జరు. చార్జరు కోసం ఇంకేం మార్చాలి?"

"వైర్లు" అన్నాడు, దాచకుండా.

"తీసి పక్కన పెట్టు."

తర్వాత మూతల్లేకుండా మొత్తం మూసేసిన రకం చూపించాడు. దాంట్లోనూ నీళ్ళ గొడవ లేదట. లోపల ఏముందో కనిపించనిది నాకొద్దన్నాను.

"పెళ్ళిచూపులకి వచ్చినట్టుంది మీతో" అని నవ్వి, చివరికి మామూలు యాసిడ్ బ్యాటరీ ముందుకు జరిపాడు. మూతలున్నది, బరువైనది, నిదానంగా ఇచ్చేది. అది తీసుకున్నాను.

అప్పుడు చెప్పాడు. "గోడౌన్లో చాలా రోజులు పడుంది. ఇప్పుడు సగం కడుపుతో ఉంది. ముందు దీన్ని నిండా చార్జి చెయ్యండి. పచ్చదీపం వెలిగాక కూడా ఇంకో పూట ఉంచండి. వాడుకునేటప్పుడు సగం కంటే కిందికి దింపకండి, దింపితే దాని ఆయుష్షు పోతుంది. నీళ్ళు తగ్గితే బ్యాటరీ నీళ్ళే పొయ్యాలి, కుళాయి నీళ్ళు కాదు. చార్జి ఎక్కేటప్పుడు గ్యాసు వస్తుంది, పెట్టెకున్న గాలి కన్నం మూయకండి. ఈ మీటరు కూడా తీసుకోండి, నిండిందో లేదో కచ్చితంగా తెలుస్తుంది."

"చార్జరుకి దీపం ఉందన్నావుగా."

"ఉందనుకోండి."

"మరి మీటరెందుకు?"

మీటరు లోపల పెట్టేశాడు.

కొట్టువాడే వచ్చి బిగించాడు. ట్రెయిలర్ లోపల, తలుపు పక్కన, మోకాలి ఎత్తున ఎర్ర పిడి ఒకటి ఉంది. దాన్ని తిప్పి నాతో ఏదో అన్నాడు. షెడ్డులో మా బావమరిది గ్రైండరుతో ఇనుము కోస్తున్నాడు. నాకు ఒక్క ముక్క వినపడలేదు. తలూపాను. ఇప్పుడు ఎవరైనా అంటారేమో, మళ్ళీ అడగాల్సింది కదా అని. బిగించినవాడు బిగించాడు, తిప్పినవాడు తిప్పాడు. అక్కడికి అన్నీ సవ్యంగానే ఉన్నాయి. చెడింది ఆ తర్వాత.

షెడ్డు కరెంటుకి వైరు తగిలించి, తలుపుకి తాళం వేసి వెళ్ళాను. మర్నాడే వచ్చి చూశాను. చార్జరు మీద పచ్చదీపం వెలుగుతోంది. ఇంత తొందరగా నిండిందా అనుకున్నాను. మంచి సరుకు అనుకున్నాను. బల్బు వేస్తే ధగధగ వెలిగింది. ఫ్రిజ్ చల్లగా ఉంది. కొట్టువాడు చెప్పిన ఒక పూట కాదు, బయల్దేరేదాకా, వారం పైనే దాన్ని అలాగే వదిలాను. వచ్చినప్పుడల్లా పచ్చదీపం చూసి వెళ్ళేవాణ్ణి. ఒకసారి కిటికీ పక్క సీటు మీద ఇనుప రజను కనిపించింది. షెడ్డు పక్కనే కదా, గాలికి వచ్చి ఉంటుందని దులిపేశాను.

బయల్దేరిన పొద్దున బావమరిదీ వాడి పెళ్ళామూ వచ్చి నిలబడ్డారు. ఆ పిల్లకి నోరు పెద్దది. నేను కొక్కెం బిగిస్తుంటే మొదలుపెట్టింది.

"కొండ మీద ఎవరితో పోట్లాడతారు అన్నయ్యా?"

"చెట్లతో."

"అవి తిరిగి అనవుగా. మీకు పొద్దుపోదు."

"మీ ఆయన్ని పక్కకి తప్పుకోమను. చక్రం కింద పడతాడు."

సామాన్ల కోసం తెరిచి ఉంచిన ట్రెయిలర్ తలుపులోంచి బావమరిది దిగుతున్నాడు. "లోపల అన్నీ చూశాను బావా. అంతా సిద్ధం" అన్నాడు. వాడి మొహంలో ఏదో ఘనకార్యం చేసిన వెలుగు.

"నువ్వు చూసేదేముంది లోపల?" అని నేను జీపెక్కాను. అద్దంలో చూస్తే వాడి చెయ్యి ఇంకా ట్రెయిలర్ రేకు మీదే ఉంది. బండి కదిలాకే తీశాడు.

కొండ మీద చోటు బాగుంది. చదునుగా తవ్విన మట్టి నేల, ముందు తోట, దాని కింద ఇంకా తోట. చక్రాల కింద చెక్కలు పెట్టి ట్రెయిలర్‌ని సమంగా నిలిపాను. వెనక రాయి వేశాను. వైర్‌లెస్ సెట్టుని గోడ సాకెట్టుకి తగిలించాను. దాని సొంత బ్యాటరీ పాతబడింది, ఎప్పుడూ తగిలించే ఉంచండి అని సూపర్వైజరు ముందే చెప్పాడు. ఫ్రిజ్ వేశాను. ఎండ ఎక్కువగా ఉంది, ఫ్యాను వేశాను. ఆ పొద్దున పిలుపుకి పలికాను కూడా. "బాగున్నారా పెద్దాయనా?" అని అడిగింది సెట్టు. "బాగున్నాను" అన్నాను.

ఆ తర్వాత చెయ్యడానికి పని లేదు. లోపల కూర్చున్నాను.

ఆవిడ పొట్టిది. పై అరలు అందేవి కావు. అందుకని పై అరల్లో నా సామాన్లు, కింది అరల్లో తనవి సర్దుకుంది. నా టార్చి, నా మఫ్లరు, నా రంపం చెయ్యి ఎత్తితే దొరికాయి. కింది అరలు తెరవాలంటే వంగాలి. ఒకటి తెరిచాను. కళ్ళజోడు, దువ్వెన, తలనొప్పి మాత్రలు, సగం అల్లిన స్వెట్టరు. మూసేశాను. ఆవిడ ఎప్పుడూ కిటికీ వైపు కూర్చునేది, నేను తలుపు వైపు. మధ్యాహ్నం దాకా నేను తలుపు వైపే కూర్చున్నాను. తర్వాత లేచి అటు మారాను. అటు నుంచి లోయ కనిపిస్తుంది. ఇన్నేళ్ళూ ఆవిడ ఇది చూస్తూ కూర్చుందా అనిపించింది. నేను కూర్చున్న వైపు నుంచి తలుపు గొళ్ళెం తప్ప ఏమీ కనిపించదు.

అప్పుడు నాకు నిమ్మళంగానే ఉంది. వానలు పడేదాకా అక్కడే ఉండగలను అనుకున్నాను.

పొద్దు వాలుతుండగా ఫ్యాను నెమ్మదించింది. నేను పట్టించుకోలేదు. ఫ్రిజ్ టిక్కుమంది, ఆగింది, మళ్ళీ టిక్కుమంది, ఇక లేవలేదు. బల్బు వేశాను. పచ్చకామెర్లు వచ్చినట్టు వెలిగింది. ఫ్యాను ఆపాను, బల్బు ఆపాను, ఫ్రిజ్ తీగ పీకేశాను. సెట్టుకి ఉన్న చిన్న దీపం కొట్టుకుంటోంది.

వేళకి పిలుపు వచ్చింది. "కొండ, పలకండి."

బొత్తాం నొక్కి "అంతా బాగుంది" అన్నాను. నొక్కగానే దీపం ఆరింది. వదిలితే వెలిగింది.

"కొండ, పలకండి. పెద్దాయనా, వినపడుతోందా?"

మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఆరింది. వినడానికి సరిపోయే కరెంటు ఉంది, మాట్లాడటానికి సరిపోయేది లేదు. వాళ్ళు నన్ను పిలుస్తున్నారు, నేను అరుస్తున్నాను. ఆ అరుపు ఆ రేకు గదిలోనే ఉండిపోయింది. పిలిచి పిలిచి సూపర్వైజరు గొంతు మారింది. "ఏమైందో ఏమో, బండి తియ్యండిరా" అని పక్కవాళ్ళతో అనడం కూడా విన్నాను. ఆ తర్వాత వినడానికీ లేకుండా పోయింది.

జీపు స్టార్టు చేసి, దాని వెనక తీగ ట్రెయిలర్‌కి తగిలించాను. సన్నని తీగ అది, వెనక దీపాల కోసం వేసింది. దాంట్లోంచి కరెంటు చుక్కచుక్కగా వస్తుంది. రోజూ తగ్గినంత మళ్ళీ పూడ్చుకుందామనుకున్నది దాంతోనే, ఖాళీదాన్ని చటుక్కున లేపడానికి అది చాలదు. సెట్టుకి ప్రాణం వచ్చేసరికి కంపెనీ బండి దీపాలు మలుపు తిరిగి పైకి వస్తున్నాయి.

సూపర్వైజరు దూకినట్టే దిగాడు. నన్ను చూసి ముందు ఊపిరి పీల్చుకున్నాడు. "ఒంట్లో బాగానే ఉందా?"

"నాకేం? బ్యాటరీ అయిపోయింది. రేపు సరి చేయించుకొస్తాను."

"ఈ లోపల మంట లేస్తే?"

సెట్టు దీపం మళ్ళీ వెలుగుతోందని చూపించాను.

"నేను ముందే చెప్పాను పెద్దాయనా" అన్నాడు మెల్లగా. "ఈ ఉద్యోగం కోసం ఇంకొకరు అడుగుతూనే ఉన్నారు. భార్యాభర్తలు. వాళ్ళకి కబురు పెడతాను. మీరు ఏమీ అనుకోవద్దు."

తెల్లవారాక కొక్కెం బిగించుకుని దిగాను.

తిన్నగా బ్యాటరీల కొట్టుకి వెళ్ళాను. వాడి గొంతు పట్టుకోవాలనే వెళ్ళాను. వాడు మూతలు తీసి, ఒక్కో గదిలో చార్జి ఎంతుందో చూసే గాజు గొట్టం ముంచి, పైకి ఎత్తి వెలుతురులో చూశాడు.

"పెద్దాయనా, దీనికి అసలు చార్జి ఎక్కలేదు. నేనిచ్చిన సగం కడుపే వాడేశారు మీరు."

"వారం పైనే చార్జీలో ఉంది. పచ్చదీపం వెలిగింది. ఈ కళ్ళతో చూశాను."

"ఎర్ర పిడి తిప్పి ఆపేస్తే బ్యాటరీకీ చార్జరుకీ తెగిపోతుంది. అప్పుడు నింపాల్సింది ఏదీ చార్జరుకి కనపడదు. అయినా పచ్చదీపం వెలుగుతుంది. బల్బులూ ఫ్రిజ్జూ బయటి కరెంటు మీద నడుస్తాయి. అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. పిడి ఎవరన్నా ఆపారా?"

"తాళంచెవి నా జేబులో ఉంది."

"అయితే దెయ్యం ఆపి ఉంటుంది" అన్నాడు.

సీటు మీద ఇనుప రజను గుర్తొచ్చింది.

షెడ్డు ముందు జీపు ఆపేసరికి బావమరిది గేటుకి అతుకు పెడుతున్నాడు. మొహం మీది డాలు పైకెత్తాడు. "బావా! అప్పుడే వచ్చేశావేం?"

"ట్రెయిలర్లో ఎర్ర పిడి ఎవడు ముట్టుకున్నాడు?"

వాడు నవ్వాడు. ఆ నవ్వు నాకు గుర్తుంది. మెచ్చుకుంటానని అనుకున్నాడు.

"నేనే బావా. కొత్త బ్యాటరీ వేసిన రోజు సాయంత్రమే ఆపేశాను. నువ్వు మర్చిపోయావు కదా. తర్వాత రోజూ ఆఫ్‌లోనే ఉందో లేదో చూసుకునేవాణ్ణి. బయల్దేరిన పొద్దున మళ్ళీ ఆన్ చేశాను. అక్క చెప్పినట్టే అన్నీ చేశాను."

"ఏం చెప్పింది మీ అక్క?"

"'బండిలోంచి దిగి వచ్చేటప్పుడు ఎర్ర పిడి ఆపకపోతే బ్యాటరీ కారిపోతుందిరా, బయల్దేరే రోజు తిప్పుకోవాలి' అంది." వాడి నవ్వు సన్నగిల్లుతోంది. "ఏం బావా? ఏమైంది?"

ఏమైందో చెప్పాను. వాడు గేటు ఊచ పట్టుకుని నిలబడ్డాడు. అది ఇంకా వేడిగానే ఉందేమో, చటుక్కున వదిలేశాడు. ఆవిడ చెప్పింది తప్పు కాదు. కరెంటుకి తగిలించకుండా ఊరికే నిలిపిన బండికి అదే సరైన పద్ధతి. కరెంటుకి తగిలించి చార్జి పెట్టినప్పుడు ఆపకూడదు. ఆ రెండో సగం ఆవిడ చెప్పలేదో, వాడి బుర్రకి ఎక్కలేదో. చూసుకునే మనిషి బతికున్నంతకాలం ఎవరికీ తెలియాల్సిన అవసరం రాలేదు.

"ఎప్పుడు చెప్పింది?"

"ఆస్పత్రిలో. తాళంచెవి కూడా అప్పుడే ఇచ్చింది. 'మీ బావకి బండి బయట తెలుసు గానీ లోపల తెలీదు, నువ్వు కనిపెట్టుకుని ఉండరా బుల్లోడా' అంది."

"నేనెక్కడున్నాను అప్పుడు? రోజంతా ఆ మంచం పక్కనేగా ఉంది?"

"టీ తాగడానికి వెళ్ళావు బావా."

టీ తాగి రావడానికి ఎంత సేపు పడుతుంది? వచ్చాక నాకు చెప్పి ఉండొచ్చు. ఆ తర్వాత కూడా ఆవిడ చాలా రోజులు మాట్లాడింది. కిటికీ వెయ్యమంది, దుప్పటి సరిచెయ్యమంది, అద్దె కట్టావా అంది. పిడి సంగతి నాతో అనలేదు. తాళంచెవి రెండోది ఉందని కూడా అనలేదు.

"రోజూ అందులోకి ఎందుకు దూరావు?" అన్నాను.

వాడు కింద చూశాడు. పెళ్ళాం ఇంట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అంతా వినే ఉంటుంది.

"కూర్చోడానికి అన్నయ్యా."

"మీ ఇంట్లో కుర్చీలు లేవా?"

"ఉన్నాయి. వదిన కూర్చున్న కుర్చీ లేదు." గొంతు పెంచింది. "పని కట్టేసి, కాళ్ళు కడుక్కుని, ఆ కిటికీ దగ్గర కాసేపు కూర్చుని వచ్చేవారు. ఒక్క వస్తువు ముట్టుకోలేదు. వదిన పోయాక మీరు ఇంటికి ఎవర్నీ రానిచ్చారా? గుర్తుగా ఉంచుకోమని ఒక్క శాలువా అయినా ఈయన చేతిలో పెట్టారా? ఈయనకి తోడబుట్టింది ఆవిడొక్కతే. ఏడుపు మీ ఒక్కరి సొత్తు కాదు అన్నయ్యా."

"నువ్వు ఊరుకోవే" అన్నాడు వాడు.

"ఎందుకూరుకోవాలి? దొంగతనం చేసినట్టు నిలబడ్డారేం?"

"నాతో చెప్పి వెళ్ళాల్సింది" అన్నాను.

"చెబితే తాళంచెవి లాక్కునేవారు."

"లాక్కునేవాణ్ణే" అన్నాను. "ఇటివ్వు."

వాడు చొక్కా లోపలి జేబులోంచి తీశాడు. ఆవిడ స్వెట్టరు అల్లే ఊలు ముక్క దానికి కట్టి ఉంది. ఒక్క క్షణం గుప్పిట్లో పట్టుకుని, తర్వాత నా అరచేతిలో పెట్టాడు. ఊలు ముక్క విప్పి వాడికి తిరిగి ఇవ్వొచ్చని నాకు తట్టింది. ఇవ్వలేదు.

ఆ సాయంత్రమే ట్రెయిలర్ అక్కణ్ణించి లాగేశాను. ఊరి చివర ఇటుకల బట్టీ యజమాని గోడ పక్కన చోటు ఇచ్చాడు. బ్యాటరీ చార్జీలో పెట్టి, పిడి నా చేత్తో తిప్పి, కొట్టువాడి మీటరు తెప్పించి పెట్టి చూశాను. నిండింది. నిండి ఏం లాభం, వెళ్ళడానికి చోటు లేదు.

బావమరిది ఊరుకోలేదు. పని మానుకుని, అడక్కుండానే కంపెనీ ఆఫీసుకి వెళ్ళాడట. తప్పు నాదే, మా బావది కాదు అని సూపర్వైజరుతో చెప్పాడట. ఆ దంపతులు అప్పటికే కొండెక్కారు, ఈ ఏడు కుదరదు అన్నాడట ఆయన. వచ్చే ఏడు కావాలంటే ఇద్దరు మనుషులుండాలి, ఒక్కరికి ఇక ఇవ్వను అన్నాడట.

వానలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం వాడి పెళ్ళాం టైలరు దుకాణం మెట్లెక్కి వచ్చింది. వాడు కింద వీధిలోనే ఆగాడు. కిటికీలోంచి వాడి నెరిసిన తల కనిపిస్తోంది. ఆ పిల్ల కూర్చోలేదు. గది నాలుగు మూలలూ చూసింది. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక గ్లాసు. చూసి ఏమీ అనలేదు. దానికి అది గొప్పే.

"అన్నయ్యా, ఆయన అడగమన్నారు. వచ్చే ఎండలకి మీరిద్దరూ కలిసి కొండకి వెళ్తారా అని. షెడ్డు నేను చూసుకుంటాను. సూపర్వైజరు ఒప్పుకున్నాడట, పేర్లు చెప్పడమే ఆలస్యం. ఆయన బయట పడుకుంటారు, మీ జోలికి రారు. మీరు లోపలే ఉండండి."

కింద మిషన్లు ఆగాయి. టైలర్లు అన్నాలకి లేచినట్టున్నారు.

"ఆ ఉద్యోగం ఇద్దరిది" అన్నాను. "ఆ ఇద్దరూ ఎవరో అప్పుడే రాసుకున్నారు. మార్చడానికి మీ ఆయన ఎవరు?"

"ఒక్కరే ఎన్నాళ్ళుంటారు ఇక్కడ?"

"మెట్లు ఇరుకు. చూసుకుని దిగు."

ఆ పిల్ల కళ్ళు ఎర్రబడ్డాయి. "వదిన మీతో ఎలా కాపురం చేసిందో" అని దిగిపోయింది. కింద వాడు తలెత్తి కిటికీ వైపు చూశాడు. నేను వెనక్కి జరిగాను.

సూపర్వైజరు ఒకసారి కబురు పెట్టాడు, ఏం నిర్ణయించుకున్నారని. ఇంకొకరిని చూసుకోమన్నాను. చూసుకున్నాడు.

ఇదీ జరిగింది. తప్పు ఎవరిదో మొదటి మాటలోనే చెప్పాను, చెప్పిందాంట్లో మార్పు లేదు. టైలరు అడిగాడు, బట్టీ యజమాని అడిగాడు, బ్యాటరీల కొట్టువాడు ఎదురుపడ్డప్పుడల్లా దెయ్యం దొరికిందా అని అడుగుతాడు. ఇక అడగనక్కర్లేదు. రేపు మా బావమరిదే వచ్చి ఈ గుమ్మంలో నిలబడి, బావా అని పిలిచి అడిగినా ఈ సంగతి నేను ఎత్తను. ఇదే ఆఖరు.